ఆపరేషన్ తోడల్లుడు

మధ్యాహ్నం రెండూ పదికి డేగ హత్యకు గురయ్యాడు.

కంగారు పడకండి. మనిషి కాదు, అకౌంటు. 'గొడుగు మిత్రులు' అనే ఆన్‌లైన్ ఫోరమ్‌లో తొమ్మిదేళ్ల సభ్యత్వం, పదహారు వందల పోస్టులు, పేరు పక్కన మూడు నక్షత్రాలు, అన్నీ ఒక్క క్షణంలో మాయం. ఎవరో పాస్‌వర్డ్ సంపాదించి, లోపలికి దూరి, అకౌంటు మొత్తం చెరిపేశారు. మనిషి మాత్రం ప్రస్తుతానికి బతికే ఉన్నాడు. సాయంత్రం నాలుగు దాటాక ఉంటాడా అంటే, చెప్పడం కష్టం.

ఆ ఫోరమ్‌లో విరిగిన గొడుగులు బాగుచేసుకోవడం గురించి మాట్లాడుకుంటారు. మొత్తం నాలుగు వందల పన్నెండు మంది సభ్యులు. అందులో నాలుగు వందల మందికి నిజంగానే గొడుగుల పిచ్చి. మిగిలిన పన్నెండు మంది డిపార్ట్‌మెంట్ గూఢచారులు. ఏ దేశంలో ఉన్నా సరే, 'ఊచ వంగింది' అని రాస్తే 'ఆపదలో ఉన్నాను, వచ్చి తీసుకెళ్లండి' అని అర్థం. 'గుడ్డ చిరిగింది' అంటే 'నన్ను గుర్తుపట్టేశారు' అని. శాటిలైట్ ఫోన్లు దొంగతనంగా వినేవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు గానీ, గొడుగు గుడ్డ మీద పద్దెనిమిది పేజీల చర్చ చదివే ఓపిక ఏ శత్రువుకుంటుంది?

ఆ ఫోరమ్ గుమ్మంలో కాపలా ఉండే మోడరేటర్ కోడ్‌నేమ్ చీపురు. కొత్త సభ్యులమంటూ వచ్చే దొంగ రిజిస్ట్రేషన్లను ఊడ్చి పారెయ్యడమే అతని ఉద్యోగం. బరువు తగ్గించే మాత్రలు, బట్టతల మీద జుట్టు, పది నిమిషాల్లో లోను... రోజుకి రెండు వందల బాట్లు, అంటే మనుషుల్లా నటించే ప్రోగ్రాములు, గొడుగు వేషం కట్టుకుని వస్తాయి. ఒక్కోదాన్నీ చెవి పట్టుకుని బయటికి పంపాలి. వాడికేమో డేగ, తనకేమో చీపురు! ఆ రెండు పేర్లూ ఒకే మీటింగులో, ఒకే కాగితం మీద, ఒకే చీఫ్ పెట్టాడని తెలిసిన రోజున చీపురు అన్నం ముట్టుకోలేదు.

డేగకి డిపార్ట్‌మెంట్ ఇచ్చిన సామాను: తూటా పేల్చే పెన్ను, గాజు కోసే వాచీ, మడిస్తే జేబులో పట్టే తాడునిచ్చెన. చీపురుకి ఇచ్చింది గిర్రున తిరిగే కుర్చీ ఒకటి, ఎడమ బటన్ మొరాయించే మౌస్ ఒకటి. మౌస్ మార్చమని ఎనిమిది నెలల్లో నాలుగు అర్జీలు పెట్టుకున్నాడు. "మౌస్‌తో ఎవర్ని చంపాలయ్యా నువ్వు?" అన్నారు స్టోర్స్ వాళ్లు.

ఇంతవరకే అయితే ఏదో ఆఫీసు కుళ్లు, ఎక్కడైనా ఉండేదే అని సరిపెట్టుకోవచ్చు. కానీ రెండేళ్ల క్రితం డేగ ఫైలు అప్‌డేట్ చెయ్యడానికి అతని బల్ల మీదికి వచ్చింది. తెరిచాడు. నల్లకళ్లద్దాలు, సన్నగా కత్తిరించిన మీసం, ఆ నిర్లక్ష్యపు నవ్వు.

"అన్నయ్యా!" అన్నాడు పైకే.

డేగ అతని తోడల్లుడు. సొంత భార్యకి అక్కమొగుడు. ఎక్స్‌పోర్టు కంపెనీలో పెద్ద మేనేజరని ఇంటిల్లిపాదీ నమ్ముతున్న పెద్దల్లుడు. డేగకి మాత్రం చీపురెవరో తెలియదు. చిన్నల్లుడు ఎక్కడో కంప్యూటర్లు రిపేరు చేస్తాడని అతని నమ్మకం. చీపురు ఈ రహస్యాన్ని చీఫ్‌తో సహా ఎవరికీ చెప్పలేదు. లోపలే దాచుకుని, రెండేళ్లుగా రోజూ కాస్త కాస్త ఉడికిపోతున్నాడు. అంతకుముందు విదేశీ ప్రయాణాలకే ఏడ్చేవాడు, ఇప్పుడు ధైర్యసాహసాలకి కూడా ఏడవాల్సి వచ్చింది.

అసలు మంట మామగారి ఇంట్లో ఉంది. పెద్దల్లుడు గుమ్మంలో అడుగు పెడితే మామగారు లేచి నిలబడతారు. "రండి రండి అల్లుడుగారూ, ఇలా కూర్చోండి. మీరు అలిసిపోయుంటారు." వెనకే చిన్నల్లుడు వస్తే, "ఒరేయ్, వచ్చావా? ఆ వంటింట్లో ట్యాపు కారుతోంది, ఓసారి చూడు."

ఏడేళ్లుగా ఇదే వరస. పెళ్లి కుదరక ముందు మొదటిసారి ఆ ఇంటికి వెళ్లినప్పుడు ఫ్యూజు పోయింది. గౌరవంగా కూర్చోవలసిన మనిషి కూర్చోకుండా, లేచి బాగుచేశాడు. ఆ చీకట్లో మామగారు "ఒరేయ్, టార్చి ఇటు పట్టనా?" అన్నారు. కరెంటు వచ్చింది గానీ ఆ 'ఒరేయ్' మాత్రం పోలేదు. మొన్నామధ్య చుట్టాలందరి ముందూ జోకు కూడా వేశారు: "మా పెద్దల్లుడుగారు ప్రపంచమంతా తిరుగుతారు. మా చిన్నవాడూ తిరుగుతాడు, కుర్చీలో!" అందరూ పడీ పడీ నవ్వారు. పెద్దల్లుడొక్కడే నవ్వలేదు. ముఖం తిప్పుకుని కిటికీలోంచి చూశాడు. అదీ పొగరే అనుకున్నాడు చీపురు.

"పరిస్థితి," అన్నాడు చీఫ్ తలుపు మూసి. చీఫ్‌కి క్రియలంటే గిట్టదు, టైము వృథా అని. "డేగ. శత్రు నగరం. చేతిలో వాళ్ల ఏజెంట్ల జాబితా. భుజంలో తూటా. ఫోన్ మాయం. వెనక వేటకుక్కలు. అదే ఊళ్లో మన కారు, మన డ్రైవరు."

"డేగ ఎక్కడున్నాడో డ్రైవరుకి తెలుసా సర్?"

"ఊహూఁ. అందుకే ఫోరమ్. అకౌంటు పోతే రూలు?"

"కొత్త సభ్యుడిగా రిజిస్టరవ్వాలి సర్. దరఖాస్తులో 'తడి గొడుగు' అనే కోడ్‌వర్డ్ ఉండాలి. నేను అప్రూవ్ చేస్తాను. ఆ మనిషి మొదటి పోస్టులో ఏ చోటు రాస్తే డ్రైవరు అక్కడికి వెళ్తాడు."

"నాలుగింటి దాకా. ఆ తర్వాత డ్రైవరు సరిహద్దు ఇవతల."

గది మూలలో నిలబడి వింటున్న నెమలి నిట్టూర్చింది. నెమలి డిపార్ట్‌మెంట్ అనువాదకురాలు. ఏడు భాషలు, ఆకుపచ్చ సిల్కు, ఆమెకన్నా ముందే గదిలోకి వచ్చే సెంటు. ఆమె కారిడార్లో నడుస్తుంటే రిటైర్మెంటు దగ్గరపడ్డ గుమాస్తాలు కూడా కాలరు సర్దుకుంటారు. కిందటిసారి డేగ వచ్చినప్పుడు అతన్ని లిఫ్టు దాకా సాగనంపింది. చీపురుని ఆమె ఇంతవరకు టైమెంతయిందని కూడా అడగలేదు.

"పాపం డేగగారు," అంది.

'గారు' అట, అనుకున్నాడు చీపురు. స్క్రీన్ వైపు తిరిగాడు. తిరిగి, అలాగే బిగుసుకుపోయాడు.

అప్రూవల్ కోసం ఎదురుచూస్తున్న రిజిస్ట్రేషన్లు: మూడు వేల నూట నలభై. చూస్తుండగానే మూడు వేల ఆరు వందలయ్యాయి. ప్రతి దరఖాస్తులోనూ 'తడి గొడుగు' ఉంది.

"కోడ్‌వర్డ్ లీకు!" అన్నాడు చీఫ్.

"డేగ ఇన్‌బాక్స్‌లోంచి లాగుంటారు," అంది నెమలి వెంటనే. సబబుగానే ఉంది. ఎవరూ ఎదురు చెప్పలేదు.

"తలుపు బంద్?"

"మూస్తే డేగ కూడా బయటే ఉండిపోతాడు సర్. తెరిస్తే ఏ దొంగో ముందు దూరి దొంగ చోటు రాస్తాడు. డ్రైవరు తిన్నగా వాళ్ల బోనులోకి వెళ్తాడు. డేగ రోడ్డు మీద మిగిలిపోతాడు."

"మూడు వేల ఆరు వందల్లో ఒక్కడు. ఆ ఒక్కడూ నీ పని," అని చీఫ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

చీపురు తన దగ్గరున్న అస్త్రాలన్నీ తీశాడు. దొంగ అడ్రసులు బ్లాక్ చేశాడు. వెయ్యి ఊళ్లనుంచి వస్తున్నాయి, ఒకటి మూస్తే పది తెరుచుకున్నాయి. ట్రాఫిక్ లైట్ల బొమ్మలు గుర్తుపట్టమనే పజిల్ పెట్టాడు. అవతల ఏ హాల్లోనో వందమందిని కూర్చోబెట్టి బొమ్మలు నొక్కిస్తున్నట్టున్నారు, మూడు సెకన్లలో దాటేస్తున్నారు. రెండూ యాభై అయింది.

అప్పుడే ఫోన్ మోగింది. భార్య.

"ఏమండీ, బావ నిన్నటినుంచి ఫోన్ ఎత్తడం లేదట. అక్క ఒకటే ఏడుపు. ఆఫీసు వాళ్లని అడిగితే మాకూ తెలీదంటున్నారట. మీరేమైనా కనుక్కోగలరా?"

"మీ బావకేం, ఏ పెద్ద హోటల్లోనో కాళ్లు చాపుకుని పడుకునుంటాడు."

"ఆ పుల్లవిరుపు మాటలే వద్దన్నాను. అక్క పొద్దున్నించీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు తెలుసా? మీ తోడల్లుళ్ల మంటలు మీకు తప్ప లోకంలో ఇంకెవడికీ అర్థం కావు తల్లీ!" అని విసుక్కుని పెట్టేసింది.

చీపురు ఫోన్ బల్ల మీద పెట్టాడు. లోకంలో ఇంకెవడికీ అర్థం కావు. నిజమే కదా! పాత దరఖాస్తులన్నీ ఒక్క దెబ్బతో రద్దు చేశాడు. రిజిస్ట్రేషన్ ఫారంలో కొత్త ప్రశ్న పెట్టాడు: 'మీ భార్య అక్కమొగుడు మీకు ఏమవుతాడు?'

రెండు నిమిషాల్లో మళ్లీ వరద. జవాబులు చదివి చీఫ్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. వెయ్యిమంది 'బావమరిది' అన్నారు. ఎనిమిది వందలమంది 'బావ' అన్నారు. మిగతావాళ్లు 'చట్టంలో సోదరుడు' అన్నారు.

"చట్టంలో సోదరుడు!" చీఫ్ పొట్ట కదిలేలా నవ్వాడు. "డిక్షనరీ దొంగలు!"

అన్నిటినీ ఊడ్చేశాడు చీపురు. కాఫీ తెస్తానని నెమలి బయటికి వెళ్లింది. స్క్రీన్ ఖాళీ. డేగ ఇంకా ఏ కంప్యూటర్ ముందూ కూర్చోలేదన్నమాట. ఆ ఖాళీ ఏడు నిమిషాలు నిలిచింది. మూడూ పదికి మళ్లీ రెండు వేల దరఖాస్తులు. అన్నిట్లోనూ, అక్షరం తప్పు లేకుండా, 'తోడల్లుడు'.

"వాళ్ల దగ్గర ఎవడో తెలుగువాడు," అన్నాడు చీఫ్ నవ్వు మింగేసి.

చీపురు పళ్లు కొరికాడు. మాట తెలిస్తే సరిపోతుందా? దాని రుచి తెలియొద్దూ? ప్రశ్న మార్చాడు: 'మీ తోడల్లుడి గురించి ఒక్క వాక్యం రాయండి.'

వచ్చాయి. 'నా తోడల్లుడు చాలా మంచి వ్యక్తి.' 'నా తోడల్లుడు నాకు స్ఫూర్తి.' 'నా తోడల్లుడి విజయాలు చూసి నేను ఎంతో సంతోషిస్తాను.'

"డిలీట్, డిలీట్, డిలీట్," అన్నాడు చీపురు. "తోడల్లుడి విజయం చూసి సంతోషించేవాడు ఇంకా పుట్టలేదు సర్. పొగిడితే బాటు, తిడితే మనిషి. అంతే."

చీఫ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత, ఉద్యోగంలో చేరాక మొదటిసారి, నిండు వాక్యం ఒకటి పలికాడు. "మా తోడల్లుడు నా పెళ్లిలో నా కొత్త బూట్లు తొడుక్కుని వెళ్లిపోయి, ఇరవై రెండేళ్లయినా తిరిగి ఇవ్వలేదయ్యా." ఆ మాట అన్నాక కాస్త సిగ్గుపడి, పైవాళ్లకి ఫోన్ చెయ్యాలంటూ బయటికి వెళ్లాడు.

చీఫ్ అటు వెళ్లగానే నెమలి ఇటు వచ్చింది. చేతిలో కాఫీ కప్పు. ఒక్కటే కప్పు, అతని కోసమే.

"డేగగారి పేరే అందరూ చెప్తారు గానీ," అంది బల్ల అంచున ఆనుకుని, "ఇక్కడ కూర్చుని ఇంత పని చేసేది నువ్వు. నిజం చెప్పనా? ఆయనకన్నా నీ బుర్రే పదును."

ఆ ఒక్క మాట కోసం చీపురు చెవులు ఏడేళ్లుగా ఆకలితో ఉన్నాయి. కాఫీ మీద మీగడ కట్టేదాకా మాట్లాడాడు. డేగ తన తోడల్లుడేనని చెప్పాడు. మామగారి 'మీరు' గురించి, 'ఒరేయ్' గురించి చెప్పాడు. కుర్చీ జోకు చెప్పాడు. చివర్న, ఆమె 'అబ్బ, ఎలా కనిపెట్టావు?' అని కళ్లు పెద్దవి చేసేసరికి, వడపోత రహస్యం కూడా చెప్పేశాడు. పొగిడితే బాటు, తిడితే మనిషి.

"భలే!" అంది నెమలి. కప్పు తీసుకుని వెళ్లిపోయింది.

మూడూ నలభైకి రెండు వేల ఆరు వందల దరఖాస్తులు వచ్చాయి. 'నా తోడల్లుడు పొగరుబోతు.' 'నా తోడల్లుడు ధనమదాంధుడు.' 'నా తోడల్లుడి అహంకారానికి హద్దు లేదు.' చక్కటి తెలుగు, సంధులూ సమాసాలూ సరిగ్గా కుదిరిన తెలుగు. ఈ ఆఫీసులో 'ధనమదాంధుడు' అనే మాట తప్పు లేకుండా రాయగలిగేది ఒక్కరే.

చీపురు నెత్తిన పిడుగు పడింది. లీకు ఇన్‌బాక్స్ కాదు. ఇప్పటి లీకు అయితే అచ్చంగా తన నోరే. ఒక కప్పు కాఫీకి, ఒక పొగడ్తకి తోడల్లుడి ప్రాణం తాకట్టు పెట్టేశాడు. "ఛీ, నా బతుకు చెడ," అనుకున్నాడు, మనస్ఫూర్తిగా.

"కదలకు," అంది వెనకనుంచి నెమలి. మెడ మీద చల్లగా ఏదో ఆనింది. లిప్‌స్టిక్కు. డిపార్ట్‌మెంట్ ఇచ్చినదే, ఒక్క తూటా పడుతుంది. "మొదటి వరసలో 'వానచినుకు' అనే పేరుంది చూడు. అప్రూవ్ చెయ్. ఇద్దరం ఇంటికెళ్లిపోదాం."

"చెయ్యకపోతే?"

"ఎందుకు చెయ్యవు? నీ నోటితోనే చెప్పావుగా. వాడు పోతే నీకు మిగిలేది లాభమే. మామగారి పక్క కుర్చీ నీది. ఆ 'మీరు' నీది. ఎవరికీ తెలీదు. వేలకొద్దీ దొంగల్లో పాపం గుర్తుపట్టలేకపోయాడంటారు."

చీపురు మౌస్ మీద చెయ్యి వేశాడు. నిజం చెప్పాలంటే ఆ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఒకటే క్లిక్కు. మామగారి హాల్లో ఆ పెద్ద కుర్చీ, 'రండి అల్లుడుగారూ' అనే పిలుపు కళ్లముందు కదిలాయి. వాటి వెనకే, పొద్దున్నించీ మంచినీళ్లు ముట్టని వదినగారు కనిపించింది. వాడంటే ఒళ్లు మంట, నిజమే. ఆ మంట మంటగానే ఉండాలంటే వాడు బతికుండాలి కదా.

బల్లకాలిని మడమతో బలంగా తన్నాడు. కుర్చీ గిర్రున తిరిగింది. కుర్చీ చెయ్యి నెమలి మోకాలికి, అతని మోచెయ్యి ఆమె మణికట్టుకి ఒకేసారి తగిలాయి. లిప్‌స్టిక్కు 'టప్' మంది. తూటా చీపురు చెవి పక్కనుంచి దూసుకెళ్లి మౌస్‌ని రెండు ముక్కలు చేసింది.

ఆ చప్పుడుకి చీఫ్ పరిగెత్తుకొచ్చాడు. కింద పడ్డ నెమలిని, తెగిన మౌస్ వైరుని చూసి, ఏమీ అడక్కుండా ఆ వైరుతోనే ఆమె చేతులు కట్టాడు.

"నెమలి," అన్నాడు బాధగా.

"లీకులో సగం నాది సర్," అన్నాడు చీపురు. "తర్వాత చెప్తాను, తర్వాత తిట్టండి. టైమెంత?"

"మూడూ యాభై రెండు."

చేతిలో మౌస్ లేదు. కీబోర్డు ఒక్కటే మిగిలింది. ఎన్ని జవాబులు వచ్చినా నెమలి రాసిచ్చిన వాక్యాలు ముప్పైకి మించి ఉండవు, బాట్లు వాటినే తిప్పి తిప్పి వాడుతున్నాయి. ఒకే వాక్యం రెండుసార్లు కనిపిస్తే రెంటినీ తీసెయ్యమని కమాండ్ కొట్టాడు. రెండు వేల ఆరు వందలు నలభై ఒకటయ్యాయి. మూడూ యాభై అయిదు.

ఆ నలభై ఒకటీ పైనుంచి చదవడం మొదలుపెట్టాడు. 'నా తోడల్లుడు పొగరుబోతు, ధనమదాంధుడు.' కాదు. 'నా తోడల్లుడు దుర్మార్గుడు, అహంకారి.' కాదు. మాటలు అటూఇటూ కలిపి కుట్టినవి. చదువుతున్నకొద్దీ అతనికి ఒక సంగతి తెలిసివచ్చింది. ఇవన్నీ తిట్లే, కానీ వీటిలో ఏడుపు లేదు. తిట్టు ఎవడైనా తిట్టగలడు. కుళ్లుకునేవాడు దుర్మార్గుడు, అహంకారి అని పెద్ద మాటలు ఎందుకు వాడతాడు? ఏ రోజున, ఎవరి ముందు, ఏ కుర్చీలో అని చెప్తాడు. తన ఏడుపు తనకి తెలియదా!

ముప్పై తొమ్మిదో వరసకి వచ్చేసరికి కళ్లు ఆగిపోయాయి. పేరు దగ్గర 'పాత గొడుగు' అని ఉంది. ఒక్క వాక్యం అడిగితే నాలుగు రాశాడు.

'మా మామగారు వాణ్ని ఒరేయ్ అంటారు. నన్ను పదకొండేళ్లుగా మీరు అంటున్నారు. ట్యాపు కారినా వాణ్నే పిలుస్తారు, నేను చుట్టాన్ని. జోకు కూడా వాడి మీదే వేస్తారు, నా మీద ఇంతవరకు ఒక్కటి కూడా వెయ్యలేదు.'

చీపురు ఆ నాలుగు వాక్యాలూ మళ్లీ చదివాడు. ఆ రోజు కిటికీలోంచి చూసిన ముఖం గుర్తొచ్చింది. పొగరు కాదది. ఓరి నాయనో, వాడు కూడా నన్ను చూసి ఏడుస్తున్నాడా? ఆ దిక్కుమాలిన ఒరేయ్ కోసమా?

"ఇతనే సర్."

"నమ్మకం?"

"ఇది కనిపెట్టి రాయడం ఏ దేశం వాడి వల్లా కాదు సర్. ఇది అనుభవించాలి."

మూడూ యాభై ఎనిమిది. మౌస్ ఉంటే ఒక్క క్లిక్కు. ఇప్పుడు ట్యాబ్ మీట ముప్పై తొమ్మిదిసార్లు కొట్టుకుంటూ కిందికి దిగాలి. ఒకటి ఎక్కువైతే శత్రువు లోపలికి వస్తాడు. పైకే లెక్కపెడుతూ కొట్టాడు. చీఫ్ కూడా పక్కనుంచి లెక్కపెట్టాడు. ముప్పై ఏడు దగ్గర నెమలి కావాలనే "నలభై!" అని అరిచింది. చీపురు వేలు గాల్లో ఆగింది. "ముప్పై ఏడు," అన్నాడు చీఫ్. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. ఎంటర్.

మూడూ యాభై తొమ్మిదీ ఇరవై సెకన్లకి ఫోరమ్‌లో కొత్త సభ్యుడి మొదటి పోస్టు పడింది: 'ఊచ వంగింది. పాత సినిమాహాలు వెనక లాండ్రీ దగ్గర బాగుచేస్తారా?'

దాని కింద మొట్టమొదటి జవాబు ఒక అసలు సిసలైన గొడుగు ప్రేమికుడు రాశాడు: 'ఊచ వంగితే లాండ్రీకెందుకండీ, చిన్న సుత్తి ఉంటే ఇంట్లోనే సరిచేసుకోవచ్చు.' చీఫ్ ఆ మనిషిని అమ్మనా బూతులూ తిట్టాడు, క్రియలతో సహా. నాలుగూ ఒకటి. నాలుగూ అయిదు. నాలుగూ పదకొండుకి డ్రైవరు జవాబు వచ్చింది: 'ఊచ సరిచేశాం. గొడుగు భద్రంగా ఉంది.'

చీపురు రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. తర్వాత ఇంటికి ఫోన్ చేశాడు.

"మీ బావ దొరికాడు. ఫ్లైటు ఆలస్యమైందట. మీ అక్కని అన్నం తినమను."

"మీ గొంతేంటి అలా ఉంది?"

"జలుబు."

కాఫీ సంగతి దాచకుండా చీఫ్‌కి అంతా చెప్పాడు. తిట్లు తిన్నాడు. కొత్త మౌస్ కోసం అయిదో అర్జీ కూడా పెట్టుకున్నాడు. కారణం దగ్గర 'శత్రువు కాల్పుల్లో మరణించింది' అని రాశాడు. స్టోర్స్ వాళ్లు నమ్మలేదు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం మామగారింట్లో అందరికీ భోజనాలు. పెద్దల్లుడు ఎడమచెయ్యి మెడకి కట్టుకుని వచ్చాడు. లిఫ్టు తలుపులో ఇరుక్కుందని చెప్పాడు. "అయ్యయ్యో, మీరు జాగ్రత్తగా ఉండాలి అల్లుడుగారూ," అని మామగారు పక్కనున్న పెద్ద కుర్చీ తుడిచి చూపించారు. తర్వాత తలెత్తి, ఆగిపోయిన ఫ్యానుని చూసి, అలవాటుగా, "ఒరేయ్, దీని సంగతి చూడు," అన్నారు.

చీపురు లేవబోయాడు. ఎదురుగా పెద్దల్లుడు స్విచ్‌బోర్డు వైపు చూస్తున్నాడు. పరాయి దేశపు ఖజానాలు తెరిచిన మనిషి, ఆ పాత స్విచ్‌బోర్డుని నోరూరుతున్నట్టు చూస్తున్నాడు.

"నాకు నడుం పట్టేసింది మామయ్యగారూ," అన్నాడు చీపురు. "అన్నయ్యకి చెప్పండి."

"ఆయనకెందుకురా శ్రమ?"

"నేను చూస్తాను," అన్నాడు పెద్దల్లుడు, అప్పటికే లేచి నిలబడి. ఒంటిచేత్తో స్క్రూడ్రైవరు అందుకున్నాడు. బోర్డు విప్పాడు. లోపల రెండు వైర్లు చూసి, ఎంతో నమ్మకంగా, ఒకదాన్ని ఇంకోదానికి తగిలించాడు.

'ఢాం' మంది. ఇల్లంతా కరెంటు పోయింది. వంటింట్లోంచి అక్కాచెల్లెళ్లిద్దరూ కేక పెట్టారు.

"ఒరేయ్!" అని గర్జించారు మామగారు పెద్దల్లుడి మీద. "బుద్ధుందట్రా నీకు? మెయిన్ ఆపకుండా ఎవడైనా వైర్లలో చెయ్యి పెడతాడా? ఇంత వయసొచ్చింది, ఎందుకురా?"

అందరూ కొయ్యబారిపోయారు. మీసం మీద మసితో నిలబడ్డ పెద్దల్లుడి ముఖం మాత్రం పెళ్లిలో కూడా లేనంతగా వెలిగిపోయింది. మామగారు ఆయాసపడుతూ చిన్నల్లుడి వైపు తిరిగారు.

"వాడికంటే తెలీదు. మీరైనా చెప్పొద్దూ అల్లుడుగారూ?"

ఏడేళ్లుగా కలలుగన్న 'మీరు' ఇన్నాళ్లకి దక్కింది. చీపురు కడుపు మాత్రం భగ్గున మండింది.